వీధి మొత్తాన్నీ తొందరపెట్టిన వాచీ

మా ఆయన నన్నెప్పుడూ పేరు పెట్టి పిలిచి ఎరగరు. "ఏమే" అంటే నేనే. చేతి వాచీని మాత్రం రోజూ పొద్దున్నే "ఏం తల్లీ, లేచావా?" అని పలకరించేవారు. కిటికీ దగ్గర నిలబడి, చొక్కా అంచుతో దాని అద్దం తుడిచి, పక్కనుండే చిన్న పిడిని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కీ ఇచ్చేవారు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. కీ ఎంత బిగుసుకుందో వేళ్లకి తెలియాలట. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని నా ముక్కుకి తెలిసినా, నేను చేతులు తిప్పుతూ సైగలే చేయాలి.

అది మా మామగారి వాచీ. ఆయన పోయాక మా ఆయన చేతికొచ్చింది. స్నానానికి తప్ప విప్పేవారు కాదు. ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పుకునేవారు కాదు. నేను ముట్టుకోబోతే, "నీ చేతికి నూనె ఉంటుంది" అనేవారు. నూనె లేకపోతే, "నీ చేతికి తడి ఉంటుంది" అనేవారు. రెండూ లేకపోతే, "అసలు నీకు టైముతో ఏం పని?" అనేవారు.

ఆయన బడిలో అటెండరు. చేతిలో ఫోనులు లేని రోజులవి. గదుల తాళాలు తీయడం, కాగితాలు మోయడం, నీళ్లు పట్టడం, ఇలా పనులెన్నో ఉండేవి గానీ, ఆయన లెక్కలో అసలు పని ఒకటే. గంట కొట్టడం. వరండాలో వేలాడే ఇనప పట్టీ ముందు ఒక చేత్తో సుత్తి ఎత్తి, రెండో చేతి మీది వాచీని చూస్తూ, ముల్లు సరైన చోటికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవారు. "బడి మొదలెట్టేది నేను, వదిలేది నేను. మధ్యలో టీచర్లు ఏవో పాఠాలు చెప్పుకుంటారులే" అనేవారు.

బడి ఆఫీసులో గోడ గడియారం ఒకటుండేది. దాన్నీ రోజూ పొద్దున్నే తన వాచీ చూసి ఆయనే దిద్దేవారు. అక్కడితో ఆగితేనా! ఇంటికొచ్చే దారిలో టీ కొట్టు గడియారం, మంగలి షాపు గడియారం, మలుపులో మందుల షాపు గడియారం, అన్నీ ఆయనే సరిచేయాలి. స్టూలు వేయించుకుని మరీ ఎక్కేవారు. మా వీధికి టైము చెప్పే పెద్దమనిషి ఆయనే.

ఇహ ఇంట్లో నాదీ ఒక గొప్ప ఉండేది, అదీ చెప్పాలి. నేను కుట్టుపని చేసేదాన్ని. ముందు గదిలో మిషను, పక్కన బట్టల బల్ల, దానికి ఎదురుగా మా అత్తగారి మంచం. గుడ్డకి కొలతలు నిలవాలంటే గుండుసూదులు గుచ్చాలి కదా, పెదాల మధ్య అరడజను పట్టుకుని టకటకా గుచ్చేదాన్ని. వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పేదాన్ని. "నా చేతిలోంచి గుండుసూది జారడం ఎవరూ చూడలేదు. ఒక్క డబ్బా కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. కావాలంటే ఈ నేలంతా చెప్పుల్లేకుండా నడవండి."

నేనలా అన్నప్పుడల్లా మా అత్తగారు ఇంటి కప్పుకేసి చూసేవారు.

మా ఆయన గొప్ప ఇంకొకటి. టీ కొట్టు దగ్గర నలుగురినీ కూర్చోబెట్టుకుని, "ఇంటి పనిలో వేలు పెట్టే మగాడు నాకు కంటికి ఆనడు. చీపురు ఏ చేత్తో పడతారో కూడా నాకు తెలీదు" అనేవారు. ఆ మాట ఇంటికొచ్చి అన్నా సరే, మా అత్తగారు మళ్లీ కప్పుకేసే చూసేవారు. ఆ కప్పులో ఏముందా అని నేనూ ఒకసారి తలెత్తి చూశాను. బూజు తప్ప ఏమీ లేదు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం ముందర, బస్సులన్నీ ఆలస్యంగా రావడం మొదలుపెట్టాయి. అంటే, మా వీధివాళ్లకి అలా అనిపించింది. స్టాపు దగ్గర నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయని మందుల షాపతను తిట్టుకున్నాడు. పాలవాడు బద్ధకిస్తున్నాడని నేను సతాయించాను. "మీ గడియారానికి దెయ్యం పట్టిందేమో చూసుకోండమ్మా" అని పాలవాడు నా మొహం మీదే అన్నాడు. ఆఖరికి రేడియోలో వార్తలు కూడా ఆలస్యమే. మా ఆయన రేడియో పక్కన నిలబడి, వాచీ చూసుకుని, "చూశావా, పదినిమిషాలు! వీళ్లకి అజమాయిషీ చేసేవాడు లేడు" అని మండిపడ్డారు.

"రేడియో కూడా తప్పేనంటారా?" అన్నాను.

"రేడియోలో ఉండేది మనుషులే కదే. మనుషులన్నాక ఆలస్యం అవుతుంది. ఇది మనిషి కాదు" అని వాచీని నిమిరారు.

బడి పిల్లలకి మాత్రం పండగే. సాయంత్రం గంట ముందే పడిపోతోంది మరి. దారిలో ఆయన కనిపిస్తే చాలు చేతులెత్తి దండాలు. "పిల్లలకి నేనంటే ఎంత గౌరవమో" అని ఆయన పొంగిపోయారు. పొద్దునపూట మాత్రం ఆయన గేటు దగ్గర నిలబడి, వేళకే వస్తున్న టీచర్లని చూసి, వాచీ చూసి, మళ్లీ టీచర్లని చూసి, దగ్గేవారు. అలా ఒకరోజు పెద్ద టీచరమ్మని చూసి కూడా దగ్గారు. అక్కడే చిక్కొచ్చింది.

పెద్ద టీచరమ్మ అంటే ఆ బడి హెడ్మాస్టరు. నెమ్మదైన మనిషే గానీ, ఆవిడ చేతికీ వాచీ ఉంది. ఆ దగ్గు విన్నాక ఆవిడ రెండు మూడు రోజులు గంట పడినప్పుడల్లా తన వాచీ చూసుకున్నారట. తర్వాత ఆయన్ని గదిలోకి పిలిచి, బల్ల మీదున్న ఒక అట్టపెట్టె చూపించారు. అందులో కరెంటు గంట. ఆవిడే తన గదిలోంచి మీట నొక్కితే మోగేది.

"సోమవారం నుంచి పరీక్షలు. గంట ముందే పడితే పిల్లలు రాస్తున్నది వదిలేసి లేవాలి. నువ్వంటే నాకు గౌరవమే, కానీ వాళ్ల పరీక్షతో ఆడుకోలేను. ఆదివారం సాయంత్రంలోగా నీ వాచీ సంగతి తేల్చు. లేదంటే సోమవారం పొద్దున్నే కరెంటతను వచ్చి ఇది బిగిస్తాడు" అన్నారట.

ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి మిషను పక్కన కూర్చున్నారు. మామూలుగా ఆయన మాట వినకుండా నేను మిషను తొక్కలేను. ఆ రోజు నేనే మిషను ఆపాను.

"గంట తీసేస్తే నేనేం చేస్తానే అక్కడ?" అన్నారు చివరికి.

"నీళ్లు పడతారు, తాళాలు తీస్తారు..." అన్నాను.

"అవి ఎవరైనా చేస్తారు" అన్నారు.

నాకు వెక్కిరించబుద్ధి కాలేదు. నాకే! మర్నాడు పొద్దున్నే ఆయన్ని వెంటపెట్టుకుని వాచీల షాపుకి వెళ్లాను.

టీ కొట్టు పక్కన మెట్ల కింద ఉండే గూడులాంటి షాపు అది. వాచీల అన్నయ్య కంటికి భూతద్దం తగిలించుకుని, వాచీ వెనక మూత తీసి, చిన్న దిక్సూచి ఒకటి దగ్గరికి తెచ్చాడు. దాని ముల్లు గిర్రున తిరిగింది.

"దీనికి అయస్కాంతం పట్టింది" అన్నాడు. "లోపల వెంట్రుకలాంటి స్ప్రింగు చుట్టలు చుట్టలుగా ఉంటుంది చెల్లెమ్మా. ఆ చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. అందుకే పరుగు. తీసేస్తాను, పెద్ద పనేం కాదు."

తీగ చుట్టిన సామాను ఒకటి కరెంటుకి తగిలించి, వాచీని అందులోంచి మెల్లగా లాగాడు. అంతే. వాచీ బుద్ధిగా నడిచింది. ఆ రోజంతా మా ఆయన ఛాతీ విరుచుకుని తిరిగారు. మర్నాడు పొద్దున్న రేడియో మళ్లీ ఆలస్యంగా మోగింది.

మళ్లీ షాపుకి. మళ్లీ దిక్సూచి గిర్రున తిరిగింది. వాచీల అన్నయ్య ఈసారి భూతద్దం తీసి మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"నేను ఎన్నిసార్లు తీసినా మీ ఇంట్లో మళ్లీ పట్టుకుంటోంది. ఇంట్లో ఎక్కడో అయస్కాంతం ఉంది. అదేంటో చూసి దూరం పెట్టండి."

"మా ఇంట్లో అయస్కాంతమా? మేమేం చేసుకుంటాం?" అన్నాను.

టీ కొట్టతను గ్లాసులు కడుగుతూ అందుకున్నాడు. మా ఆయన్ని వరస కలిపి బావా అంటాడు. "అక్కే అయస్కాంతం బావా! సాయంత్రమైతే చాలు, ఇక్కడ టీ సగంలో వదిలేసి ఇంటికి లాక్కుపోతావు."

మంగలి షాపులోంచి కూడా నవ్వు వినిపించింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లో ఏం లేదు. నాకు తెలీదు" అన్నారు, అడగని నాకు కూడా జవాబు చెబుతున్నట్టు. "రేడియో ఉంది కదా, అందులో ఉంటుందేమో!"

"రేడియోలో ఉంటుంది" అని ఒప్పుకున్నాడు వాచీల అన్నయ్య. "దాని పక్కన పెడతారా?"

"పెడతాను. పక్కనే నిలబడతాను కూడా" అన్నారు మా ఆయన ఎంతో ఉత్సాహంగా.

వాచీ బాగుచేయించుకుని ఇంటికొచ్చి రేడియోని వంటింట్లోకి మార్చాం. మా అత్తగారికి ఒళ్లు మండింది. "నా పాటలు ఎక్కడికి తీసుకుపోతున్నారర్రా?"

"వాచీ కోసం అత్తయ్యా. రేడియోలో అయస్కాంతం ఉందట."

"రేడియోలోనా?" అని ఆవిడ కొడుకుకేసి చూశారు. కొడుకు కిటికీకేసి చూశారు. ఆవిడ కప్పుకేసి చూశారు. నాకు మాత్రం ఎటు చూడాలో తెలియక రేడియో మోసుకుంటూ పోయాను.

ఆదివారం పొద్దున్నకి వాచీ మళ్లీ ముందుకి పరిగెత్తింది. షాపుకి సెలవు.

ఆ సాయంత్రం పెద్ద టీచరమ్మే మా ఇంటికి వచ్చారు. ఆవిడ జాకెట్టు ఒకటి నా దగ్గర కుట్టుకి ఉంది, కొలత చూసుకోవడానికి వచ్చానన్నారు. నిజానికి కొలత ఇంకోరోజు చూసుకోవచ్చు. ముందు గదిలో చెప్పులు విప్పబోతూ ఆగి, "కింద గుండుసూదులేమైనా ఉంటాయేమో" అన్నారు.

నా నాలిక ఊరుకుంటుందా! "నిశ్చింతగా నడవండి టీచరమ్మా. నా చేతిలోంచి సూది జారడం ఎవరూ చూడలేదు."

తొడుక్కున్న జాకెట్టు పైనుంచే భుజం దగ్గర గుడ్డ పట్టి సూదులు గుచ్చుతున్నాను. ఆవిడ కదలకుండా నిలబడి, గుమ్మంలో ఉన్న మా ఆయనతో మెల్లగా అన్నారు. "నీకేమీ లోటు రాదు. గంట ఒక్కటే కదా. కరెంటతనికి కబురు పెట్టాను."

మా ఆయన వాచీకేసి చూసుకున్నారు. గోడకేసి చూశారు. నాకేసి చూశారు. వీధిలోకి తొంగి చూశారు, టీ కొట్టతను గానీ ఉన్నాడేమోనని. ఉన్నాడు. మా గుమ్మానికి ఎదురుగానే, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ. మా ఆయన అతణ్ణి చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. తర్వాత గబగబా వెళ్లి, మూలనున్న తన పాత గొడుగు తీసి, తలకిందులు చేసి దులిపారు.

ఠంగుమని ఒకటి కింద పడింది. గుర్రపు నాడాలాగా వంగిన అయస్కాంతం, ఒక కాలు విరిగిపోయింది. మిగిలిన కాలికి ముళ్లపందిలాగా గుండుసూదులు. నిన్నటివి, మొన్నటివి.

"ఇదీ అమ్మగారూ దొంగ" అన్నారు.

నా పెదాల మధ్య సూదులున్నాయి కాబట్టి నేను నోరు తెరవలేకపోయాను. నా అదృష్టం కొద్దీ.

"ఇది మన సైన్సు గదిలోది కాదూ?" అన్నారు టీచరమ్మ. "విరిగిపోయిందని, పారేయమని మొన్నీమధ్యే నీకిచ్చాను."

"పారేయలేదమ్మా. చేత్తో ఏరీ ఏరీ విసిగిపోయాను, ఇది ఒక కాలున్నా బాగానే లాగుతోంది కదా అని తెచ్చుకున్నాను" అన్నారు మా ఆయన, నేలకేసి చూస్తూ. "సాయంత్రం ఈవిడ వంటింట్లో ఉన్నప్పుడు నేలంతా ఒకసారి తిప్పుతాను. మా అమ్మకి చూపు ఆనదు, చెప్పులేసుకోదు. ఈవిడకి చూపుంది గానీ నేలకేసి చూడదు. వంగేటప్పుడు కుడిచెయ్యి మంచం పట్టీ మీద ఆనించుకుంటాను, మోకాళ్లు పట్టేస్తాయి. అయస్కాంతం ఎడంచేత్తో పట్టుకుంటాను. వాచీ ఉండేది ఆ చేతికే."

"షాపులో అడిగినప్పుడు చెప్పొచ్చు కదా?"

"టీ కొట్టు పక్కనే కదమ్మా ఆ షాపు" అన్నారు మా ఆయన దీనంగా.

నేను సూదులు ఒక్కొక్కటే పెదాల్లోంచి తీసి, అప్పటికి మాట్లాడగలిగాను. "రోజూ పడుతున్నాయా? నా చేతిలోంచి?"

"దోసెడు" అన్నారు ఆయన.

"మరి నా డబ్బా ఎప్పుడూ నిండుగానే ఉంటుందే!"

"ఏరినవి అందులోనే పోస్తాను. నువ్వు లెక్క చూసుకోవుగా."

ఏళ్ల తరబడి రావడం అంటే అదన్నమాట. మంచం మీంచి మా అత్తగారు అందుకున్నారు. "ఏళ్లుగా చూస్తున్నా. వీడు గొంతుక్కూచుని నా మంచం కింద దూరడం, ఈ మధ్య నువ్వొస్తుంటే ఆ గొడుగు దగ్గరికి పరిగెత్తడం."

"అత్తయ్యా! మీకు తెలుసా? రేడియో వంటింట్లోకి మోస్తుంటే కూడా ఊరుకున్నారా?"

"నన్నెవరు అడిగారు? వీధిలో ఉన్న అందరినీ అడిగారు. నన్నడిగారా?" అన్నారు ఆవిడ. "చూపు ఆనదని చెప్పుకుంటారుగా అందరూ."

పెద్ద టీచరమ్మ నవ్వు ఆపుకుందామని చూశారు గానీ, భుజం మీద గుచ్చిన సూదులు కదిలిపోయాయి. ఆవిడ నవ్వుతోంటే వాటిలో ఒకటి జారి కింద పడింది. అందరం దానికేసే చూశాం. నా వంక ఎవరూ చూడలేదు, పాపం, మర్యాదకి.

ఆవిడ భుజం మీది గుడ్డ తీసి బల్ల మీద పెడుతూ, "వాచీల ఆయన ఇల్లెక్కడ?" అని అడిగారు.

"సెలవు కదమ్మా" అన్నారు మా ఆయన.

"షాపుకి సెలవు. ఆయనకి కాదుగా. పద" అన్నారు.

టీ కొట్టతను గుమ్మంలోనే ఉన్నాడు. మొత్తం విన్నాడు. దారి చూపిస్తానని గ్లాసులు అక్కడే పెట్టేసి ముందు నడిచాడు. నడుస్తూ, "బావా, చీపురు ఏ చేత్తో పడతారో తెలీదన్నావు. మరి అయస్కాంతం ఏ చేత్తో పడతారో బాగా తెలుసే!" అన్నాడు. మా ఆయన వాచీ ఉన్న చెయ్యిని జాగ్రత్తగా పైకెత్తి పట్టుకుని నడిచారని తర్వాత తెలిసింది. అయస్కాంతం మా ఇంట్లోనే ఉన్నా, అలవాటు కొద్దీ భయం.

సోమవారం పొద్దున్న నేనూ బడి గేటు దాకా వెళ్లాను, ఏదో పనున్నట్టు. కరెంటతను నిచ్చెనతో వరండాలో నిలబడి ఉన్నాడు. పెద్ద టీచరమ్మ తన వాచీ చూస్తున్నారు. మా ఆయన సుత్తి ఎత్తి తన వాచీ చూస్తున్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సుత్తి పడింది. ఆవిడ తల ఊపారు. కరెంటతను నిచ్చెన భుజాన వేసుకుని, "ఈ మాత్రానికి నన్నెందుకు పిలిచారు?" అని సణుక్కుంటూ వెళ్లిపోయాడు. అట్టపెట్టె మీద మా ఆయన తర్వాత తర్వాత కూర్చుని టీ తాగడానికి అలవాటు పడ్డారు.

సాయంత్రం పిల్లలు బయటికొచ్చారు గానీ, ఎవరూ దండం పెట్టలేదు. "గౌరవం పోయింది" అన్నారు మా ఆయన. ఆ వారమంతా స్టూలెక్కి వీధిలో గడియారాలన్నీ వెనక్కి తిప్పే పని. ఎక్కిన ప్రతి చోటా ఒక మాట పడాలి. మంగలి షాపువాళ్లు గుండుసూది ఒకటి నేల మీద వేసి, "కొంచెం చూసిపెడతారా?" అని అడిగారట.

అప్పట్నుంచీ ఇహ దాపరికం లేదు. సాయంత్రమైతే నేను మిషను మూసి, వంటింట్లోకి పోకుండా, బల్ల పక్కనే కూర్చుంటాను. ఆయన గొడుగులోంచి అయస్కాంతం తీసి, వాచీ విప్పి, ఒక్క క్షణం తటపటాయించి, నా చెయ్యి చూసి, నూనె లేదని తేల్చుకుని, నాకే తొడుగుతారు. నా మణికట్టుకి అది వదులు. మోచేతి దాకా జారిపోతుంది. నేను చెయ్యి పైకెత్తి పట్టుకుని, గది అవతలి మూలకి జరిగి కూర్చోవాలి. ఆయన గొంతుక్కూచుని నేలంతా తిరుగుతారు. నాకు పెద్ద చదువు లేదు, ముళ్లు చూసి టైము చెప్పడం సరిగా రాదు.

"అమ్మాయ్, టైమెంతయింది? పాటలొచ్చే వేళయిందా?" అంటారు మంచం మీంచి అత్తగారు.

"చిన్న ముల్లు ఆరు దాటింది అత్తయ్యా. పెద్దది తిన్నగా కిందికి దిగింది."

"ఆరున్నర అనవే" అని మంచం కిందనుంచి మా ఆయన గొంతు.

"మీరు ముందు ఆ మిషను కాళ్ల దగ్గర చూడండి. అక్కడ ఒకటి జారింది. నేను చూశాను."